ముఠా కుర్రాళ్ల కథలు: ఏ పుస్తకం, ఎవరికి, ఎందుకు

కుర్రాళ్లు, ముఠాలు అనే అంశం మీద చదవాలన్నా, పిల్లలతో చదివించాలన్నా, వ్యాసం రాయాలన్నా చాలామంది ముందు ఒక మాట పట్టుకుంటారు. స్నేహం, విధేయత, హింస, పేదరికం. ఆ మాటకు తగిన పుస్తకం వెతుకుతారు. చిక్కంతా అక్కడే. ఈ నాలుగూ లేని ముఠా కథ అంటూ ఉండదు కాబట్టి ఆ మాట పట్టుకుని వెతికితే ఏ పుస్తకమైనా సరిపోయినట్టే కనిపిస్తుంది. మూడో వారానికి వచ్చేసరికి చదివేవాళ్లు విసుగెత్తిపోతారు, లేదా పన్నెండేళ్ల పిల్లవాడి చేతిలో పెద్దవాళ్లు కూడా తట్టుకోలేని పుస్తకం ఉంటుంది.

ఇంతకంటే పనికొచ్చే పద్ధతి ఒకటుంది. ప్రతి పుస్తకాన్నీ మూడు ప్రశ్నలు అడగాలి. ముఠా ఆ కుర్రాడికి ముందు ఏమిచ్చింది? తర్వాత ఏమడిగింది? వెనక్కి తిరిగే దారి సరిగ్గా ఎక్కడ మూసుకుపోయింది? మంచి రచనలన్నిటిలోనూ మూడింటికీ జవాబు దొరుకుతుంది. కానీ రచయిత మనసు ఎప్పుడూ ఒకదాని మీదే ఎక్కువగా ఉంటుంది. అది ఏదో తేలితే ఆ పుస్తకం ఎవరి చేతికివ్వాలో కూడా తేలిపోతుంది.

ముఠా ఏమిచ్చింది? ‘ది అవుట్‌సైడర్స్’, ‘కెప్టెన్స్ ఆఫ్ ది శాండ్స్’

మొదటిసారి చదివేవాళ్లకు ఎక్కువమంది ఇచ్చేది ఎస్.ఇ. హింటన్ రాసిన ‘ది అవుట్‌సైడర్స్’. 1967లో వచ్చింది. హైస్కూల్లో ఉండగా రాసింది, అచ్చయ్యేనాటికి ఆమెకు 18 ఏళ్లు. కథ చెప్పే పోనీబాయ్‌కి 14. తల్లిదండ్రులు కారు ప్రమాదంలో పోయారు. ఇరవై ఏళ్ల పెద్దన్న డారీ ఇల్లు నడుపుతుంటాడు. పేదవాళ్లకు గ్రీజర్లు, డబ్బున్నవాళ్లకు సోషెస్ (Socs) అని పేర్లు. ఈ రెండో మాటను ‘సాక్స్’ అని చదివేవాళ్లు ఎక్కువ. ‘సోషల్స్’కు కుదింపు అది, పైకి చదివించేటప్పుడు ముందే చెప్పేస్తే తర్వాత నవ్వులాట ఉండదు.

ఈ నవలను ముఠా నవల అనడంలో చిన్న పొరపాటు ఉంది. గ్రీజర్ అనేది ఒక వర్గానికి పడిన ముద్ర. పోనీబాయ్ ‘మా గ్యాంగ్’ అన్నప్పుడు ఏడుగురిని లెక్కపెడతాడు: ముగ్గురు అన్నదమ్ములు, జానీ, డాలీ, టూ-బిట్, స్టీవ్. వీళ్లకు ప్రకటించుకున్న నాయకుడు లేడు, వ్యాపారం లేదు, చేరడానికి పరీక్ష లేదు. తాళం వేయని ఇల్లు ఒకటుంది. ఇంట్లో దెబ్బలు తిన్నవాడు ఆ రాత్రికి అక్కడికొచ్చి సోఫా మీద పడుకోవచ్చు. ముఠా ఏమిచ్చిందనే ప్రశ్నకు ఇంత తేటగా జవాబు చెప్పిన పుస్తకం మరొకటి దొరకడం కష్టం. ఏమడిగిందంటే మాత్రం జవాబు బలహీనం. ఈ ఏడుగురిలో ఎవరూ ఎవరినీ నేరం చెయ్యమని పంపరు. జానీ కత్తి దించింది కూడా పార్కులో పోనీబాయ్‌ని ఫౌంటెన్ నీళ్లలో ముంచుతున్నారు కాబట్టే. కాబట్టి ముఠా పిల్లలను ఎలా వాడుకుంటుందో తెలుసుకోవాలనుకునేవాళ్లకు ఇది చాలదు. ఒంటరితనం, వర్గభేదం, అన్నదమ్ముల మధ్య మాటల్లేని ప్రేమ కావాలనుకునేవాళ్లకు ఇదే మొదటి పుస్తకం.

12 అధ్యాయాలు. నాలుగు విడతల్లో, విడతకు మూడు చొప్పున చదివితే కథ తనంతట తానే సరైన చోట ఆగుతుంది. మూడో అధ్యాయం చివర డారీ తమ్ముడిని కొడతాడు, వాడు ఇల్లు వదిలి పరుగెడతాడు. ఆరో అధ్యాయంలో చర్చి తగలబడుతుంది. తొమ్మిదిలో పెద్ద కొట్లాట, ఆ వెంటనే జానీ చావు. ఆఖరి మూడింటినీ తొందరపడి ముగించకూడదు. తూటాల్లేని తుపాకీని డాలీ పోలీసుల వైపు ఎందుకెత్తాడన్న ప్రశ్న దగ్గర పిల్లలు ఎంతసేపైనా మాట్లాడతారు. ఆ ప్రశ్నకు పుస్తకం ఒకే జవాబు చెప్పదు. చివరి వాక్యం తిరిగి మొదటి వాక్యానికే వస్తుంది. మనం చదివిందంతా పోనీబాయ్ బడి కోసం రాసిన వ్యాసమని అక్కడ తెలుస్తుంది. ఆ సంగతి ముందే చెప్పేస్తే పుస్తకంలో సగం రుచి పోయినట్టే.

దీని పక్కన పెట్టి చూడాల్సింది బ్రెజిల్ రచయిత జార్జి అమాదూ 1937లో పోర్చుగీసులో రాసిన నవల. ఇంగ్లీషులో ‘కెప్టెన్స్ ఆఫ్ ది శాండ్స్’. సల్వడోర్ నగరంలో సముద్రపొడ్డున పాడుబడిన గోదాములో బతికే వందమంది వీధిపిల్లలు, వాళ్ల నాయకుడు పెద్రో బాలా. పుస్తకం వచ్చిన ఏడాదే దాని ప్రతులను ఆ నగరంలోనే బహిరంగంగా తగలబెట్టారు. ఇక్కడ కూడా ముఠా ఇచ్చేది ఇల్లే. కానీ హింటన్ నవలలో లేని ఒక ఘట్టం ఇందులో ఉంది. కుంటివాడైన ఒక కుర్రాడి పని అనాథనని చెప్పుకుని ధనవంతుల ఇళ్లలో చేరడం, వస్తువులు ఎక్కడున్నాయో చూసి వచ్చి ముఠాకు చెప్పడం. ఒక ఇంట్లో బిడ్డను పోగొట్టుకున్న తల్లి వాడిని నిజంగానే కొడుకులా చూసుకుంటుంది. కొత్త బట్టలు, పరుపు, నిద్రకు ముందు ముద్దు. అయినా వాడు ఆ ఇంటిని అప్పగిస్తాడు. ముఠాను కాదంటే అంతకుముందు తనను పట్టుకున్న చేతుల్ని కాదన్నట్టు. ఆ కొన్ని పేజీలు చదివాక విధేయత అనే మాటను ఎవరూ తేలిగ్గా వాడలేరు.

రెండింటిలో ఒకటే అంటే 15 ఏళ్లలోపు వాళ్లకు హింటన్, పైవాళ్లకు అమాదూ. అమాదూ నవలలో లైంగిక హింస ఉంది, దాన్ని రచయిత చూసిన తీరు నేటి పాఠకులకు మింగుడుపడదు. ఆ అధ్యాయాన్ని దాచిపెట్టి చదివించడం కంటే వయసు చూసి ఇవ్వడమే మేలు.

ముఠా ఏమడిగింది? ‘స్కార్పియన్స్’, ‘యమ్మీ’

వాల్టర్ డీన్ మైయర్స్ ‘స్కార్పియన్స్’ 1988 నాటిది, అమెరికాలో పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబెరీ ఆనర్ గౌరవం పొందింది. న్యూయార్క్ హార్లెమ్‌లో 12 ఏళ్ల జమాల్. జైల్లో ఉన్న అన్న నుంచి కబురొస్తుంది: ముఠా బాధ్యత నువ్వు తీసుకో. అన్న అప్పీలుకు డబ్బు కావాలి. కబురు తెచ్చినవాడే జమాల్ చేతిలో తుపాకీ పెడతాడు. ఈ నవల గొప్పతనం తుపాకీ చేతికొచ్చాక జరిగే చిన్న చిన్న మార్పుల్లో ఉంది. బడిలో ఏడిపించేవాడు ఆ తుపాకీని చూసి వెనక్కి తగ్గుతాడు. జమాల్‌కు భయం పోదు, కానీ ఇతరుల భయం రుచి తెలుస్తుంది. దారి మూసుకుపోయేది అక్కడ. ఎవరూ బలవంతం చెయ్యలేదు, అయినా ఇప్పుడు దాన్ని వదిలించుకోలేడు. చివరికి తుపాకీ పేల్చింది వాడు కూడా కాదు, వాడి ప్రాణస్నేహితుడు టీటో. ఆ మూల్యం స్నేహమే చెల్లించింది.

జి. నెరి రాసి, రాండీ డుబర్క్ నలుపు తెలుపుల్లో బొమ్మలు గీసిన ‘యమ్మీ’ (2010) గ్రాఫిక్ నవల. వంద పేజీల లోపే. ఇది జరిగిన కథ. 1994లో చికాగో దక్షిణ భాగంలో రాబర్ట్ శాండిఫర్ అనే 11 ఏళ్ల బాలుడు ప్రత్యర్థి ముఠా మీద కాల్పులు జరపబోతే ఆ తూటా 14 ఏళ్ల అమ్మాయికి తగిలి చనిపోయింది. పోలీసులు వెతుకుతుండగా కొద్దిరోజులకే వాడిని సొంత ముఠా కుర్రాళ్లే రైలు వంతెన కిందికి తీసుకెళ్లి చంపారు. టైమ్ పత్రిక వాడి ఫొటోను ముఖచిత్రంగా వేసింది. కథ చెప్పే రోజర్ మాత్రం కల్పిత పాత్ర, యమ్మీ వయసువాడే. వాడి అన్న అదే ముఠాలో ఉంటాడు.

ముఠాలు అంత చిన్నపిల్లలను ఎందుకు చేర్చుకుంటాయో ఈ పుస్తకం సూటిగా చెబుతుంది. బాల నేరస్తులకు పెద్దలకు పడినంత శిక్ష పడదు. కాబట్టి తుపాకీ మొయ్యడం, సరుకు చేరవెయ్యడం వాళ్లకు అప్పగిస్తే ముఠాకు నష్టం తక్కువ. పట్టుబడితే వాళ్లే బరువు అవుతారు. అంటే యమ్మీకి ముఠా ఇచ్చిన ఆదరణ, వాడిని చంపడం, రెండూ ఒకే లెక్కలోవి. దీన్ని ఇంకే నవలా ఇంత పొట్టిగా, ఇంత స్పష్టంగా చూపలేదు.

ఎంపిక విషయానికొస్తే, చదువు మీద ఆసక్తి తక్కువున్న కుర్రాళ్లకు ‘యమ్మీ’నే ఇవ్వండి. ఒక్క విడతలో అయిపోతుంది. అయితే అందులో ఒక ప్రమాదం ఉంది. బొమ్మల పుస్తకం కదా అని తొమ్మిది, పదేళ్ల పిల్లలకు ఇచ్చేస్తుంటారు. బొమ్మలుండటం వల్ల హింస తగ్గలేదు, ఇంకా కళ్లకు కట్టింది. 12 దాటాకే. ఇంకో పొరపాటు, ‘యమ్మీ మంచివాడా, చెడ్డవాడా?’ అని అడిగి చేతులెత్తించడం. టెడ్డీబేర్‌ను వదలని పిల్లవాడూ, తోటిపిల్లల్ని కొట్టి డబ్బు లాక్కునేవాడూ ఒకడే అని పుస్తకం పదేపదే చూపిస్తుంది. ఓటింగ్ పెడితే ఆ రెండిట్లో ఒకదాన్ని వదిలెయ్యాల్సొస్తుంది. దానికి బదులు, యమ్మీని ఆపగలిగినవాళ్లు ఎంతమంది, ఎవరెవరు, ఏ పేజీలో, అని జాబితా రాయించండి. అమ్మమ్మ, బాలల కోర్టు, ఆశ్రయ గృహం, పోలీసులు, ముఠా పెద్దలు... జాబితా పెరిగేకొద్దీ గదిలో చర్చ మారిపోతుంది.

నెమ్మదిగా, లోపలి నుంచి అర్థం కావాలంటే ‘స్కార్పియన్స్’. దీని వేగం నేటి పిల్లలకు మందకొడిగా అనిపించవచ్చు. మొదటి నాలుగైదు అధ్యాయాలు పైకి చదివి వినిపిస్తే తర్వాత వాళ్లే పట్టుకుంటారు.

దారి ఎక్కడ మూసుకుంది? ‘లాంగ్ వే డౌన్’, ‘కాంక్రీట్ రోజ్’

ఈ రెండూ పగ గురించి. జేసన్ రెనాల్డ్స్ ‘లాంగ్ వే డౌన్’ 2017లో వచ్చింది, వచన కవితా రూపంలో. 300 పేజీలు దాటినా పేజీకి కొన్ని పంక్తులే, రెండు గంటల్లోపు చదివెయ్యొచ్చు. 15 ఏళ్ల విల్ అన్న షాన్‌ను ఎవరో కాల్చి చంపారు. ఆ వీధిలో మూడు నియమాలు: ఏడవకూడదు, ఎవరి పేరూ చెప్పకూడదు, పగ తీర్చుకోవాలి. అన్న సొరుగులోంచి తుపాకీ తీసుకుని నడుముకు దోపుకుని విల్ లిఫ్ట్ ఎక్కుతాడు. కిందికి చేరడానికి పట్టేది నిమిషం చిల్లర. ఆ నిమిషమే పుస్తకమంతా. అంతస్తు అంతస్తుకూ లిఫ్ట్ ఆగుతుంది, చనిపోయిన మనిషి ఒకరు లోపలికొస్తారు. మొత్తం ఆరుగురు.

ఇందులో మొదటిసారి చదివినప్పుడు జారిపోయే వివరాలు రెండున్నాయి. షాన్ ఆ రోజు బయటికెళ్లింది కొట్లాటకు కాదు, తల్లి చర్మవ్యాధికి వాడే సబ్బు కొనడానికి. రెండోది, తుపాకీలో ఒక తూటా తక్కువ ఉంటుంది. ఆ తక్కువైన తూటా ఎక్కడికెళ్లిందో పుస్తకం అంతస్తులు దిగుతూ చెబుతుంది. తండ్రి కూడా ఇలాగే తన అన్న కోసం పగ తీర్చుకోబోయి వేరే మనిషిని చంపాడని తెలిసే చోట, విల్ తన శత్రువని నమ్మినవాడి మీద ఉన్న ఆధారం ఎంతో లెక్కపెట్టించండి. పేజీలు వెనక్కి తిప్పితే ఊహలు తప్ప ఏమీ దొరకవు. విల్ తనకు తెలుసు అంటాడు, పాఠకుడు నమ్మేస్తాడు. ఆ నమ్మకం ఎంత సులువుగా కుదిరిందో చూపడమే రెనాల్డ్స్ పన్నిన ఎత్తు.

ముగింపులో విల్ ఏం చేశాడో చెప్పడు. ఇది కొందరికి కోపం తెప్పిస్తుంది. ‘మరి చంపాడా లేదా?’ అని తేల్చమని పిల్లలు పట్టుబడతారు. తేల్చకండి.

ఆంజీ థామస్ ‘కాంక్రీట్ రోజ్’ (2021) ఇదే ప్రశ్నకు పూర్తిగా వేరే పద్ధతిలో జవాబిస్తుంది. 17 ఏళ్ల మావెరిక్ తండ్రి ఒకప్పటి ముఠా నాయకుడు, ఇప్పుడు జైల్లో. మావెరిక్‌కు తాను తండ్రినయ్యానని తెలుస్తుంది. పాలడబ్బాలు, డైపర్లు, నిద్ర లేని రాత్రులు, పొరుగింటి పెద్దాయన కొట్లో, తోటలో పని, చాలని జీతం. పక్కనే ముఠా సరుకు అమ్మితే ఒక్క రోజులో వచ్చే డబ్బు. బయటపడటం అనేది ఒక వీరోచిత నిర్ణయం కాదు, ప్రతి వారం తప్పే లెక్క అని ఈ నవల చూపిస్తుంది. తనకు సొంత అన్నలాంటి బంధువును చంపినవాడు ఎదురైనప్పుడు మావెరిక్ చేసే పని విల్ కథకు సరైన జోడీ. దీనికి ముందు 2017లో వచ్చిన అదే రచయిత్రి నవల ‘ది హేట్ యు గివ్’లో మావెరిక్ పెద్దవాడై, ముఠాను వదిలి, కొట్టు నడుపుతూ కనిపిస్తాడు. అక్కడ వదలడానికి అతను చెల్లించిన వెల కూడా తెలుస్తుంది: ముఠా నాయకుడి నేరం తన మీద వేసుకుని మూడేళ్ల జైలు. కథాకాలం చూస్తే ‘కాంక్రీట్ రోజ్’ ముందుది. కానీ వచ్చిన వరుసలో చదివితేనే బరువు. మనిషి బతికి బయటపడతాడని తెలిసి కూడా ఊపిరి బిగబట్టి చదవడం వేరే అనుభవం.

ఒక్క విడతకే సమయం ఉంటే ‘లాంగ్ వే డౌన్’. నెల రోజులుంటే రెండూ, ఈ వరుసలోనే.

బయటి కన్ను: ‘మాన్‌స్టర్’

మైయర్స్‌దే ఇంకో నవల ‘మాన్‌స్టర్’ (1999). కౌమార పాఠకుల పుస్తకాలకు అమెరికాలో 2000లో మొదటిసారి ఇచ్చిన ప్రింట్జ్ పురస్కారం దీనికే వచ్చింది. దీన్ని మిగతావాటితో పోల్చడం కష్టం. ఎందుకంటే 16 ఏళ్ల స్టీవ్ అసలు ముఠాలో ఉన్నాడా అన్నదే ప్రశ్న. మందుల షాపు దోపిడీలో యజమాని చనిపోయాడు, అదీ ఆయన సొంత తుపాకీతోనే. స్టీవ్ ముందుగా లోపలికెళ్లి పోలీసులెవరూ లేరని చూసి వచ్చాడన్నది ఆరోపణ. దోపిడీలో పాలుపంచుకున్నవాళ్లందరి మీదా హత్యానేరం మోపగల చట్టం అక్కడుంది. ఈ సంగతి చదవడానికి ముందే వివరించాలి. లేకపోతే ‘కాల్చింది వాడు కాదు కదా, మరి విచారణ ఎందుకు?’ అన్న దగ్గరే చర్చ ఇరుక్కుపోతుంది.

స్టీవ్ తన విచారణను సినిమా స్క్రిప్టులా రాసుకుంటాడు, మధ్యమధ్య డైరీ. అందుకే సీయూ, ఎల్ఎస్, వీఓ లాంటి సంకేతాలు అంతటా ఉంటాయి. సీయూ అంటే దగ్గరి షాట్, ఎల్ఎస్ దూరపు షాట్, వీఓ తెర మీద కనిపించని గొంతు. ఇవి అలంకారాలు కావు. స్టీవ్ కెమెరాను ఎక్కడ దూరం జరుపుతాడో గుర్తుపెట్టుకోండి, అక్కడే తాను చెప్పలేనిది ఉంది. చివర నిర్దోషి అని తేలాక లాయర్‌ను కౌగిలించుకోబోతే ఆమె పక్కకు తిరిగిపోతుంది. ఆమె ఏం చూసిందో తెలుసుకోవడానికి స్టీవ్ నెలల తర్వాత కూడా తనను తాను వీడియో తీసుకుంటూనే ఉంటాడు. ఎనిమిది, పదిమంది పాత్రలు పంచుకుని పైకి చదవడానికి ఇంతకంటే అనువైనది ఈ అంశంలో లేదు. ఒక హెచ్చరిక: స్టీవ్ పాత్ర ఒక్కరికే ఇవ్వకండి. నలుగురు మారుతూ చదివితే నలుగురికీ వాడి దోషం వేర్వేరుగా వినబడుతుంది.

హింసలో ఆనందం: 17 దాటినవాళ్లకు

పైన చెప్పినవన్నీ కుర్రాడి మీద జాలి పుట్టిస్తాయి. జాలి పుట్టించడానికి ఒప్పుకోని పుస్తకాలు రెండు. గ్రాహం గ్రీన్ ‘బ్రైటన్ రాక్’ (1938)లో 17 ఏళ్ల పింకీ తనకంటే పెద్దవాళ్లున్న ముఠాకు నాయకుడు. తాగడు, అమ్మాయిలను అసహ్యించుకుంటాడు, నరకాన్ని నమ్ముతాడు. ముఠా చేసిన హత్య మీద సాక్ష్యం చెప్పకుండా ఉండటానికే 16 ఏళ్ల రోజ్‌ను పెళ్లి చేసుకుంటాడు. ఆమె అడిగితే గ్రామఫోన్ రికార్డులో తన గొంతుతో ద్వేషాన్ని నింపి ఇస్తాడు. ఆమె అందులో ప్రేమ ఉందనుకుని వినడానికి ఇంటికి నడుస్తుండగా నవల ఆగుతుంది. 1947 సినిమాలో ఆ రికార్డు గీత దగ్గర ఇరుక్కుని ప్రేమ మాటనే మళ్లీమళ్లీ పలుకుతుంది. ఈ ఒక్క మార్పుతో కథ అర్థమే తిరగబడింది.

ఆంటొనీ బర్జెస్ ‘ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్’ (1962) ఇంకా కటువు. 15 ఏళ్ల అలెక్స్ రష్యన్ మాటలు కలిసిన ముఠా భాషలో కథ చెబుతాడు. మాటలు కొత్తవి కాబట్టి మొదటి 20 పేజీలు నిఘంటువు కోసం చెయ్యి వెళుతుంది. వెళ్లనివ్వకండి. సందర్భంతోనే అర్థమయ్యేలా రాసింది అది. అర్థం పట్టుబడ్డాక తెలుస్తుంది, ఆ భాష హింసను తియ్యగా వినిపించిందని, మనం కూడా ఆ ముఠాలో సగం చేరిపోయామని. కొనేముందు ఒకటి చూసుకోవాలి: మూడు భాగాలు, భాగానికి ఏడు చొప్పున 21 అధ్యాయాలుండాలి. అమెరికాలో 1986 వరకు ఆఖరి అధ్యాయం లేకుండానే అచ్చు వేశారు. 1971 సినిమా కూడా ఆ కత్తిరించిన కథనే అనుసరించింది. 20తో ఆపితే అలెక్స్ మారడు. 21తో ఆపితే వయసు వాడిని మార్చడం మొదలుపెడుతుంది. పాత ప్రతి చేతికొస్తే మీరు చదివింది వేరే నవల.

రెండింటిలో పాపం గురించి ఆలోచించేవాళ్లకు గ్రీన్, శిక్ష గురించి, ప్రభుత్వం గురించి ఆలోచించేవాళ్లకు బర్జెస్. 17 ఏళ్లలోపు పిల్లలకు రెండూ వద్దు.

ఆత్మకథ కావాలంటే లూయిస్ జె. రోడ్రిగెజ్ ‘ఆల్వేస్ రన్నింగ్’ (1993). లాస్ ఏంజెలిస్ ముఠాల్లో గడిచిన తన యవ్వనాన్ని ఆయన రాసింది, చికాగోలో ముఠాలో చేరిన కొడుకు కోసం. మత్తుమందులు, లైంగిక విషయాలు దాచకుండా రాసినందుకు అమెరికాలో చాలా బడి గ్రంథాలయాల్లో దీని మీద అభ్యంతరాలొచ్చాయి. నవల చదివి ‘ఇవన్నీ కల్పితాలు’ అనేవాళ్లకు ఇది సరైన పుస్తకం.

ఎక్కడ తప్పిపోతారు

అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు ఈ పుస్తకాలను హెచ్చరికలుగా అందించడం. ‘చూశావా, ముఠాలో చేరితే ఇలా అవుతుంది’ అన్న మాటతో మొదలుపెడితే కుర్రాళ్లు పుస్తకం తెరవకముందే మూసేస్తారు. వాళ్లు వెతికేది మొదటి ప్రశ్నకు జవాబు: ఏమిచ్చింది? దాన్ని నిజాయితీగా ఒప్పుకోకుండా రెండో ప్రశ్నకు వెళ్లలేం. తాళం వెయ్యని ఆ ఇల్లు ఎంత హాయిగా ఉందో ముందు మాట్లాడనివ్వండి.

రెండో పొరపాటు ఒకే రకం పుస్తకాలు వరుసపెట్టడం. పై జాబితాలో సగం కథల్లో కథానాయకుడు నల్లజాతి కుర్రాడు. ‘స్కార్పియన్స్’, ‘యమ్మీ’, ‘లాంగ్ వే డౌన్’ వరుసగా చదివిస్తే ముఠా అనేది ఒక జాతి లక్షణమని పిల్లలు నేర్చుకుంటారు, మనం నేర్పకపోయినా. మధ్యలో బ్రైటన్ తెల్ల కుర్రాళ్లో, సల్వడోర్ గోదాము పిల్లలో రావాలి. అప్పుడు ముఠా ఎక్కడ పుడుతుందన్న ప్రశ్న వీధి మీదికి, డబ్బు మీదికి, ఖాళీ ఇళ్ల మీదికి మళ్లుతుంది.

సినిమాతో సరిపెట్టడం మూడోది. ‘ది అవుట్‌సైడర్స్’ 1983 సినిమాకు 2005లో నిడివి పెంచిన ప్రతి వచ్చింది, చూపిస్తే అదే చూపించండి, అన్నదమ్ముల ఇల్లు అందులో ఎక్కువగా కనిపిస్తుంది. కానీ పుస్తకం అయ్యాకే.

వ్యాసం రాసేవాళ్లకు: ‘ఈ నవలలో విధేయత ముఖ్య ఇతివృత్తం’ అని మొదలుపెట్టిన వ్యాసం రెండో పేరాకే కథాసంగ్రహంగా మారిపోతుంది. ఒకే ప్రశ్నకు ఎదురెదురు జవాబులిచ్చే జంటను తీసుకోండి. జమాల్ తుపాకీ, విల్ తుపాకీ మంచి జంట. రెండూ అన్న ద్వారా వచ్చినవే. జమాల్‌కు అన్న కబురు పంపి అప్పగించాడు, విల్‌కు ఎవరూ అప్పగించలేదు, వాడే సొరుగు లాగాడు. ఎవరు ఎంత స్వతంత్రంగా ఎంచుకున్నారు? మొదటి వాక్యం ఆ తేడా మీద రాయండి. తర్వాత ఒక్కో పుస్తకం నుంచి మూడేసి చోట్లు, ఒకటి ఆయుధం చేతికొచ్చే చోటు, ఒకటి దాన్ని మొదటిసారి ఇతరులు చూసే లేదా తడిమే చోటు, ఒకటి అది చేతిలోంచి జారే లేదా జారని చోటు. ఆరు చోట్లు చాలు, కథ చెప్పాల్సిన పనే ఉండదు.

చివరగా ఒక చిన్న జాగ్రత్త. చదివే గుంపులో ఇంట్లోనో, వీధిలోనో ఇలాంటి చావు చూసినవాళ్లు ఉండొచ్చు. ఆ సంగతి ముందుగా ఎవరినీ అందరి ఎదుటా అడగకండి. పుస్తకం ఇచ్చేరోజే హింస ఏ అధ్యాయంలో ఉందో పేజీ నంబర్లతో ఒక చీటీ రాసి అట్ట లోపల పెట్టండి. కావాలనుకున్నవాళ్లు ఆ పేజీలు దాటేస్తారు, ఎందుకు దాటారని అడగక్కర్లేదు.